రంపం జుట్టు పిల్లలు రెండు

ఇవాళ పొద్దున్నే లేచింది టీకాలు వెయ్యడానికి. మా అసీల్ పందెంజాతి కోడిపిల్లలకి నిన్నటితో ఎనిమిది వారాలు నిండాయి, కొక్కెర తెగులు టీకా ఆర్‌టూబీ వెయ్యాలి కదా, నిన్న సాయంత్రమే సీసా తెచ్చి థర్మాస్‌లో ఐసు ముక్కల మధ్య పెట్టా. ఆ థర్మాస్ టీ పోసుకునేదని మా ఆవిడ రాత్రంతా సణుగుతూనే ఉంది. మందు ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి, అందుకే తెల్లారకుండానే అమ్మని లేపేసా.

మొత్తం తొమ్మిది పిల్లలు. గంప ఎత్తి ఒక్కోదాన్ని అమ్మ పట్టుకుంటే రెక్క పైకెత్తి చర్మం కింద అర ఎంఎల్ నేను ఎక్కిస్తున్నా. అయిదు అయ్యాయి. ఆరోదాన్ని పట్టుకుని లైటు కిందకి రాగానే అమ్మ "ఇదేంట్రా, దీని నెత్తిమీద రంపం మొలిచింది" అంది.

నిజం చెప్పాలంటే నేను రెండు వారాల కిందటే చూశా. చూసి కూడా, చిన్నపిల్లే కదా పెరిగితే అణుగుతుందిలే అనుకుని ఊరుకున్నా. అణగదని నాకు తెలుసు. అసీల్‌కి జుట్టు, అంటే నెత్తిమీది ఎర్ర కండ, నెత్తికి అతుక్కుని ఉండాలి, పొట్టిగా, మూడు వరసల్లో బఠాణీ గింజలు అద్దినట్టు. దీనికేమో మామూలు నాటుకోడిలాగా పల్చగా నిటారుగా పళ్ళు పళ్ళుగా లేచింది. ఎనిమిదోది కూడా అదే వరస. తొమ్మిదింట్లో రెండు.

నేను డిగ్రీలో బీజడ్సీ. చదివినవాటిలో నా బతుక్కి పనికొచ్చిన పాఠం ఏదైనా ఉందంటే అది కోడిజుట్టు పాఠమే. మా జువాలజీ సారు బోర్డు మీద నాలుగు గళ్ళ పెట్టె గీసి బఠాణీ జుట్టు జన్యువుకి పెద్ద పి, ఒంటి జుట్టు, అదే ఈ రంపం జుట్టు, జన్యువుకి చిన్న పి రాసేవారు. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసింది జంతువుల్లోనూ పనిచేస్తుందని బేట్సన్ అనే ఇంగ్లీషాయన 1902లో చూపించింది ఈ కోడిజుట్ల మీదే అని చెబితే వెనక బెంచీ అంతా నవ్వింది. పెద్ద పి ఒక్కటున్నా చాలు, జుట్టు బఠాణీలాగే వస్తుంది, మహా అయితే కాస్త ఎత్తు పెరుగుతుంది. రంపం జుట్టు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చిన్న పి లు రావాలి.

అంటే ఇద్దరిలోనూ ఉందన్నమాట.

మొదట్లో పక్కింటి నాటుపుంజు మీదకి నెట్టేద్దామని చూశా. కుదర్లేదు. ఈ పిల్లల తల్లి పెట్టని, కాలికి నాలుగో నంబరు రింగుది, జతకట్టే ముందు ఇరవై రోజులు విడిగా మెష్ గూట్లో ఉంచా, ఎందుకంటే వేరే పుంజు తొక్కిన పెట్ట రెండు మూడు వారాల దాకా దాని గుడ్లే పెట్టొచ్చు, అది తెలిసే ఉంచా. ఆ తర్వాత కూడా నేను జతకట్టిన నెమలి రంగు పుంజు తప్ప ఇంకోటి దాని గడప తొక్కలేదు. పోనీ దొంగచాటుగా తొక్కిందే అనుకున్నా, నా పెట్ట నిఖార్సుదైతే పిల్లలకి ఒక పెద్ద పి వచ్చి తీరాలి, రంపం రాదు. ఎటు తిప్పినా నా పెట్టలో ఉంది.

నెమలి పుంజుని తణుకు వైపు ఒకాయన దగ్గర పన్నెండు వేలు పెట్టి కొన్నా, చిలకముక్కు, తెల్లటి కన్ను, నేలకి జీరాడే తోక, చూస్తే ఎవడైనా పడిపోతాడు. మన దగ్గర అన్నాచెల్లెళ్ళకే జతకట్టి కట్టి పొదగేసిన పది గుడ్లలో నాలుగు కూడా దిగట్లేదు, దిగినవాటిలోనూ ఒకటో రెండో వంకర వేళ్ళవి, అందుకని బయట రక్తం తెచ్చా. ఆయన "ఒరిజినలండి, ఆయ్, మా దగ్గర కల్తీ ఉండదండి" అన్నాడు. ఆయన్ని తిట్టుకుందామంటే నేను మాత్రం ఏమంటున్నా అందరితో, మా తాత కాలం నాటి లైను, ఒక్క చుక్క తేడా ఉండదు అనే కదా. పోయినేడాది కోళ్ళ షోలో మూడో ప్రైజు కుక్కర్ వచ్చినప్పుడు మైకులో కూడా అదే వాగా.

ఆ మాటే అమ్మతో అంటే నవ్వింది. "తాత లైనేంట్రా, 96 తుఫానుకి కొబ్బరిచెట్టు పడి గూడు నలిగిపోయింది, మిగిలినవాటిని ఆ చలికాలం కొక్కెర తెగులు ఊడ్చేసింది. ఆఖరికి గాబు పక్కన నక్కి ఒక్క డేగ పుంజు బతికింది. పెట్టలెక్కడివి మనకి? మీ తాత పడవెక్కి లంకలోకి వెళ్ళి ఎవరింట్లోనో రెండు పెట్టలు అడిగి తెచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నాయి, గుడ్లు బాగా పొదుగుతాయని." మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే అంటే, "నువ్వు అడిగావా" అంది.

సిరంజి అలా పట్టుకునే కూర్చుండిపోయా. తొమ్మిదోది చేతిలోంచి జారి పాకలోకి పారిపోయింది, దాన్ని పట్టడానికి పావుగంట.

పగలంతా మిల్లులో లెక్కలు రాస్తున్నా ఇదే బుర్రలో. క్రాసంటే తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. హైదరాబాద్‌లో కోళ్ళ పరిశోధన వాళ్ళు వనరాజా అనే కోడిని చేశారు, అది క్రాసని చెప్పే ఇచ్చారు, మా ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో గుడ్డు దొరుకుతోందో దానివల్ల. మా అసీల్ ఏడాదికి ముప్పై నలభై గుడ్లు పెడితే గొప్ప. ఆదివారం కొనే బ్రాయిలర్‌కి ముత్తాత కార్నిష్, ఆ కార్నిష్‌ని ఇంగ్లాండ్‌లో కార్న్‌వాల్‌లో మన అసీల్‌ని కలిపే తయారుచేశారు, దానికి ఇండియన్ గేమ్ అనే పేరు పెట్టారు కూడా. కలపడం వాళ్ళు దాచలేదు. ఇక్కడేమో పెరూ కోడిని కలిపి స్పీడు తెచ్చి, సంక్రాంతి ముందు "ప్యూర్ భీమవరం" అని అమ్ముతారు. అసలు అసీల్ అన్న మాటా, మనం రోజుకి వందసార్లు అనే అసలు అన్న మాటా ఒకే అరబ్బీ వేరు నుంచి వచ్చినవే. అసలు పేరు పెట్టుకుని నకిలీ. పందెంగాళ్ళకైతే కుక్కుట శాస్త్రం ఉంది, ఏ వారం కాకి రంగు పుంజు గెలుస్తుందో ఏ వారం డేగ రంగుది గెలుస్తుందో చెబుతుంది, లోపల చిన్న పి ఉందో లేదో అది కూడా చెప్పదు.

అసలు చిక్కు ఆ రెండు పిల్లలతో కాదు. అవి కనపడుతున్నాయి. మిగతా ఏడు చక్కగా ఉన్నాయి, ముక్కు వంపు, మెడ, అన్నీ. లెక్కప్రకారం వాటిలో మూడింట రెండొంతులు లోపల మోస్తుంటాయి, అంటే నాలుగో అయిదో. ఏవి అన్నది వాటి మొహం చూస్తే తెలీదు. తెలుసుకోవాలంటే ఒక్కోదాన్నీ పెంచి, రంపం జుట్టు నాటుకోడితో జతకట్టి, ఏడెనిమిది పిల్లలు తీసి చూడాలి, ఏడాది పైన పని. ఆ పుట్టిన పిల్లల్ని ఏం చెయ్యాలి, కూరేనా? జుట్టు చూడటానికి పుట్టించి కూరొండుకోవడం నాకెందుకో మింగుడుపడట్లేదు. (కోడికూర తింటావు కదా అని మా ఆవిడ అంది. తింటా.)

వాటిలో నాలుగింటికి భీమవరం దాటాక ఒకాయన అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. షోకే అన్నాడు, బరిలోకి దించనని ఒట్టేశాడు, ఒట్టు సంగతి దేవుడికెరుక. మధ్యాహ్నం అన్నం తిని ఫోన్ చేశా.

"చెప్పండి గురువుగారూ, పిల్లలెలా ఉన్నాయి?"

చెప్పా. రంపం సంగతి, నాలుగు గళ్ళ పెట్టె సంగతి, లంక పెట్టల సంగతి కూడా. ఆయన అంతా విని "నాకిచ్చే నాలుగింటికీ జుట్టు బాగానే ఉందా అండి?" అన్నాడు. బాగానే ఉంది గానీ లోపల ఉండొచ్చండి, రేపు మీరు పిల్లలు తీస్తే బయటపడుతుంది అన్నా.

"రేపు కదండి. షోలో జడ్జిగారు లోపలేం చూస్తారండి? మీరు కూడా మరీనండి, మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది, నేను చెప్పకపోతే ఇంకోళ్ళకెలా తెలుస్తుంది. పంపించెయ్యండి."

ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయా. తణుకాయనకి కూడా ఎవరో ఇలాగే చెప్పి ఉంటారేమో, లేకపోతే ఆయనకీ ఒక తుఫానూ ఒక లంకా ఉండి ఉంటాయేమో. కాగితం మీద మిశ్రమం అని రాసి సంతకం పెట్టిస్తా, అప్పుడు తీసుకెళ్ళండి అన్నా. ఆయనకి కోపమొచ్చింది. కాగితం ఉంటే రేటు పడిపోతుందట. ఫోన్ పెట్టేశాడు.

వెంటనే అయిదు వేలు ఫోన్‌పేలో వెనక్కి కొట్టా. పది నిమిషాలకి మళ్ళీ నాకే వచ్చాయి, కింద "పిల్లలు నావే" అని మెసేజ్. మళ్ళీ కొట్టా. మళ్ళీ వచ్చాయి. మా మేనేజరు ఆ టింగు టింగుకి కళ్ళద్దాలు పైకెత్తి చూస్తున్నాడని ఆపేశా.

సాయంత్రం వచ్చేసరికి అమ్మ పిల్లలకి చోళ్ళు చల్లుతోంది. టీకా వేసిన రోజు కాస్త నలతగా ఉంటాయి కదా, ఒక మూలకి ముడుచుకుని కూర్చున్నాయి, ఆ రంపం జుట్టు పుంజుపిల్ల ఒక్కటే మెడ నిక్కించి అందరి గింజలూ తనే ఏరుకుంటోంది. దాన్ని మాత్రం ఎవడికీ ఇవ్వకురా అంది అమ్మ. పాడు, దాని నడక చూస్తే అచ్చం మా తాత డేగే అట.

పుస్తకం తీశా. నాలుగో నంబరు పేజీలో "లైను: తాతది" అని రెండేళ్ళ కిందట స్కెచ్‌పెన్నుతో రాసి కింద గీత కూడా గీశా. దాన్ని కొట్టేసి "తాత డేగ, లంక పెట్ట" అని రాశా. తొమ్మిది పిల్లల ఎదురుగా ఇవాళ్టి తేదీ, ఆర్‌టూబీ, రెండింటికి ఒంటి జుట్టు. నెమలి పుంజు పేజీలో ఏం రాయాలో తెలీక ఖాళీగా వదిలేశా, రేపు తణుకాయనకి ఫోన్ చెయ్యాలి.

అయిదు వేలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.