నా మస్టరు నేనే తీసి చూసుకున్నాను

ఆ ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. 2022 డిసెంబరు, నారాయణపేట జిల్లా మద్దూరు మండలంలో ఒక ఊరు. బడి వరండాకు ఫ్లెక్సీ కట్టాం, బల్ల మీద దుప్పట్లు పేర్చాం. ఫోటోలో ఒక అవ్వ ఒక చేత్తో దుప్పటి పట్టుకుంది, రెండో చేత్తో కొంగు ముఖం మీదికి లాక్కుంటోంది. పక్కన నేను కెమెరా వైపు చూసి నవ్వుతున్నాను. అంతకుముందు తీసిన రెండు ఫోటోల్లోనూ ఆ కొంగు అట్లాగే ఉంది. మా పిల్లగాడు మూడోసారి "అవ్వా, కొంగు తీసి జర ఇటు చూడు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. వద్దనలేదు.

మాది చిన్న ట్రస్టు. నేను, ఇద్దరు కార్యకర్తలు, ఒక ఆటో, దాన్ని నడిపే అన్న. మద్దూరు, కోస్గి, దామరగిద్ద మండలాల్లో తొమ్మిది ఊళ్లు. పాలమూరు వలస గురించి ఈ దిక్కువాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. వానకాలం పంట ఇంటికి చేరిందంటే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు గుర్తొస్తుంది, బొంబాయికో పుణెకో బస్సెక్కుతారు, ఉగాదికో తొలకరికో తిరిగొస్తారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల చేతుల్లో పెట్టిపోయిన మనుమలు. వాళ్లకు నెలనెలా సరుకులు, చలికాలం దుప్పట్లు, అవసరానికి మందులు, ఇదీ మా పని. మా ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: గౌరవం, భాగస్వామ్యం, పారదర్శకత. ఆ మూడు మాటలూ ఎవరో చెప్తే రాయించినవి కావు. నిజంగా నమ్మి రాయించాను.

ఫిబ్రవరిలో ఆ అవ్వ ఇంటికి ఒక్కదాన్నే పోయాను, బీపీ గోలీలు ఇచ్చి వద్దామని. ఆమె గడప మీద కూచుని చేటలో కందులు చెరుగుతోంది. లోపల దండెం మీద మా దుప్పటి కవరు కూడా విప్పకుండా వేలాడుతోంది. ఆ ఏడు చలి అంతా ఆమె పాత బొంతతోనే వెళ్లదీసింది. దుప్పటి బాగాలేదా అవ్వా అని అడిగాను.

"దుప్పటి మంచిగనే ఉన్నది బిడ్డా. గా ఫోటువ మా పెద్దోడు బొంబాయిల సూసిండు. ఎవలో ఫోన్ల పెట్టిండ్రంట. నేను బతికుండంగ మాయమ్మ ఇంకోలకు సెయ్యి సాపవట్టె అని ఏడ్సిండు. రెండొద్దులు పనికే పోలేదంట."

కోపంగా అనలేదు. చేట దులుపుతూ, రాళ్లు ఏరి పక్కకు వేస్తూ చెప్పింది. వరండాలో నన్ను "మేడం" అన్న మనిషే ఇంట్లో "బిడ్డా" అంది. ఆ ఎవరో మేమే, ఫోటో పెట్టింది మా ట్రస్టు ఫోన్ నుంచే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు మళ్లీ పోయి చెప్పాను, క్షమించమని అడిగాను.

నన్ను ఎక్కువ కదిలించిన సంగతి ఇంకొకటుంది. ట్రస్టు పెట్టకముందు నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనిచేశాను. ఉపాధి పనుల్ని గ్రామసభే తనిఖీ చేయాలని 2005 చట్టంలోనే రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి అది గట్టిగా నడిచింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇచ్చేవారు, నేనూ అట్లాగే చేరాను. మస్టరు, అంటే పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ, ఒక చేతిలో, జాబ్ కార్డు ఇంకో చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. మస్టర్లో ఆరు రోజుల పని ఉంటుంది, మనిషేమో ఆ వారమంతా పుణెలో ఉంటాడు. అది రాసుకుని మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందూ చదివేవాళ్లం. ఊరివాళ్లు లేచి నిలబడి "అవును, గది నిజం" అన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించేది. అట్లాంటి దాన్ని, పదకొండేళ్లు ట్రస్టు నడిపి ఏటా రిపోర్టులో "గౌరవంతో అందించాం" అని రాశాను. రాసిన చోటికి వెళ్లి ఒక్క మనిషిని కూడా నిజమేనా అని అడగలేదు.

ఆ ఎండాకాలం హైదరాబాద్ నుంచి ఒక పీజీ అమ్మాయి మా ఊళ్లలో వలస మీద పని చేయడానికి వచ్చి మా ఆఫీసులోనే ఉండేది. ఈ మాట ఆమెతో చెప్పుకుంటే జాక్ వైట్‌హెడ్ అనే ఇంగ్లండ్ ఆయన గురించి చెప్పింది. ఆయన లండన్‌లో సైన్సు టీచరుగా ఉన్నప్పుడు తన క్లాసును వీడియో తీసి చూసుకున్నాడట. పిల్లలు తమ ప్రశ్నలు తామే వేసుకునేలా నేర్పుతున్నానని ఆయన నమ్మకం. వీడియోలో చూస్తే ప్రశ్నలన్నీ తానే అందిస్తున్నాడు. నమ్మిన విలువ, దాన్ని కాదనే పని, రెండూ ఒకే మనిషిలో బతుకుతుంటాయని గుర్తించి దానికి "సజీవ వైరుధ్యం" అని పేరు పెట్టాడు. తర్వాత బాత్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1989లో ఒక వ్యాసం రాశాడు. "నా పనిని నేను ఎలా మెరుగుపరచుకోవాలి?" అని ఎవరికివారు అడుగుతూ, రుజువులు పోగేసి, చేసింది నలుగురి ముందు పెడితే అది కూడా పరిశోధనే అంటాడు. ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం నాకు అక్కర్లేదనిపించింది. మస్టరు తనిఖీ నాకు వచ్చిన పనే. తీయాల్సింది ఇప్పుడు నా మస్టరు.

మొదట ఒక ఊరి కమిటీ మీటింగును అందరికీ చెప్పి, ఒప్పుకున్నాక ఫోన్లో రికార్డు చేశాను. రాత్రి ఇంట్లో కూచుని విన్నాను. 43 నిమిషాల మీటింగు. గడియారం పెట్టుకుని లెక్కేశాను, 31 నిమిషాలు నా గొంతే. "సరే కదా?" అని 14 సార్లు అన్నాను. అన్నాక ఒక్కసారి కూడా ఆగలేదు, వెంటనే తర్వాతి మాటకు పోయాను. ఒకచోట ఒక ముసలామె "అట్ల గాదమ్మా, పించన్ నాడు..." అని మొదలుపెట్టింది. "అది తర్వాత మాట్లాడదాం అవ్వా" అన్నాను. తర్వాత అనేది ఆ రికార్డులో ఎక్కడా రాలేదు. ఆ చిన్న ముక్కను వెనక్కి తిప్పి ఎన్నిసార్లు విన్నానో. మాట తెగిపోయాక ఆమె గాజులు కదిలిన చప్పుడు వినిపిస్తుంది, కొంగు సర్దుకుని మళ్లీ కూచున్నట్టు.

ఆ వారమే ఆమె ఇంటికి పోయి, ఆ రోజు ఏం చెప్పబోయావవ్వా అని అడిగాను.

"బియ్యం మాకు కంట్రోల్ల ఒస్తయి. మీరిచ్చేటియి గూడ గవే. పించన్ నాడు ఎవలన్న ఎంబడి ఒస్తె సాలు బిడ్డా. నా ఏళ్లు పడ్తలెవ్వు."

అప్పట్లో ఆసరా పింఛను 2,016 రూపాయలు. పోస్టాఫీసు మిషన్ మీద వేలిముద్ర పడితేనే చేతికి వచ్చేది. ఆమె తన చేతులు చాచి నాకు చూపించింది. నాట్లు వేసి, రాళ్లు మోసి, బొంబాయిలో ఇసుక జల్లించి బొటనవేళ్లు అద్దంలా నున్నబడిపోయాయి, గీత కనిపించదు. ఆ నెల మూడుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ ఆటో కిరాయి, మనుమణ్ణి పక్కింట్లో దిగబెట్టడం, పడలేదు రేపు రా అనిపించుకోవడం. పక్కన చదువొచ్చిన మనిషి నిలబడి "ఇంకో వేలు పెట్టి చూడండి, చేయి కడిగించి చూడండి" అంటే నాలుగోసారి పోవాల్సిన పని ఉండదు. మేం నెలనెలా అదే పోస్టాఫీసు ముందు నుంచే, ఖాళీ ఆటోలో, సరుకులు పంచి తిరిగి వచ్చేవాళ్లం.

ఊళ్లూళ్లూ కూచుని అడిగాక నాలుగు ఊళ్లలో సరుకులు ఆపేశాం, వాళ్లే వద్దన్నారు. మిగతా అయిదు ఊళ్లవాళ్లు నూనె, పప్పు కావాలన్నారు, అవి ఇస్తున్నాం. పింఛను రోజుల్లో ఆటో పోస్టాఫీసుకు పోతుంది, మా కార్యకర్త సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. దుప్పట్లు చీకటి పడ్డాక ఇంటికే తీసుకుపోయి ఇస్తాం. ఫోటో లేదు. పట్నంలోని ఒక దాతకు ఈ సంగతి వివరంగా ఉత్తరం రాశాను. ఫోటోలు లేకుండా తమకు కుదరదన్నారు, ఆ ఏడు దుప్పట్ల డబ్బు రాలేదు. బాధ పడ్డాను, దుప్పట్లు తగ్గాయి. ఆ కొరత అవ్వలకే తగిలింది కాబట్టి నేను చేసింది పూర్తిగా రైటని అనలేను. కానీ ఆ ఫోటోలకు మళ్లీ మాత్రం పోను.

మీటింగుల్లో మాట్లాడటం తగ్గించుకోవడమే అన్నిటికన్నా కష్టమైంది. మొదట్లో ఎదుటివాళ్లు ఊరుకుంటే ఆ నిశ్శబ్దం నాకు భరించరాకుండా ఉండేది. అడిగాక మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పదిహేను, పదహారు దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

పోయిన నెల రచ్చకట్ట మీద నా ప్రజావేదిక నేనే పెట్టుకున్నాను. ఆ అవ్వ, ఆశా వర్కరు, మా కార్యకర్తలు, ఆటో అన్న, ఇంకా వచ్చినవాళ్లు. నేను రాసుకున్నది చదివాను, ఫోటో సంగతితో సహా. నేను చెప్పింది అర్థమైందా, దానికి రుజువు ఉందా, మన ఊరి సంగతి తెలిసే మాట్లాడానా, మనసులో ఉన్నదే చెప్పానా అని అడిగాను. అవ్వ "ఫోటువది నిజమే" అంది, అంతే. ఆటో అన్న చేయి ఎత్తాడు.

"అవ్వలను అడుగుతున్నరు అక్కా, మంచిగున్నది. మాకు జీతమెంత ఇయ్యాలె, ఎన్ని గంటలు నడ్పాలె అని మమ్ముల ఎన్నడన్న అడిగిన్రా?"

ఆరేళ్లుగా ఆయన మా దగ్గర ఉన్నాడు. ఎన్నడూ అడగలేదు. ఇరవై దాకా లెక్కపెట్టినా నా దగ్గర జవాబు లేదు. అందరి ముందూ లేదనే చెప్పాను. మర్నాడు పొద్దున ట్రస్టు లెక్కల పుస్తకం ఆయన చేతికిచ్చాను, వచ్చేది ఎంత, పోయేది ఎంత, నేను తీసుకునేది ఎంత అన్నీ అందులోనే ఉన్నాయని చెప్పి. ఇంటికి తీసుకుపోయాడు. బిడ్డతో చదివించుకుంటున్నాడట, ఇంకా సగం కూడా కాలేదన్నాడు.