డేగ పుంజు తోక

మూడు కాగితాలు తోక దగ్గరే పాడయ్యాయి. భీమవరం దగ్గర మా ఊళ్లో నాన్న పెంచే డేగ పుంజును, అంటే ఎర్ర ఈకల కోడిపుంజును, నీటిరంగుల్లో వేయాలని నవంబరులో కూర్చున్నాను. ఉండేది చెన్నై వడపళనిలో. ఈశాన్య రుతుపవనాల వానలకి ఇక్కడ తువ్వాలే రెండు రోజులకి గాని ఆరదు, ఇక కాగితం సంగతి చెప్పాలా!

మొదట ఆండర్సన్ వీధిలో కొన్న మామూలు డ్రాయింగ్ షీటు మీద వేశాను. తడి తగలగానే ఉబ్బి, రంగంతా గుంటల్లోకి చేరింది. తర్వాత 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉండే మందపాటి కాటన్ కాగితం తెచ్చాను. ఖరీదెక్కువ, కానీ మెడ ఈకలు వేయాలంటే అదే కావాలి. కాగితం తడిపి పల్చగా పసుపు వేసి, అది ఆరకముందే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు వదిలితే రెండూ కలిసి జూలులా కిందికి దిగుతాయి. ఆ క్షణం చూడడానికే మళ్లీ మళ్లీ వేయాలనిపిస్తుంది.

తోక మాత్రం లొంగలేదు. ట్యూబులో నలుపు పూస్తే బొగ్గు ముక్కలా ఉంది. ఫొటో పంపగానే నాన్న ఫోన్ చేశారు.

"నలుపని ఎవరన్నారమ్మా? పొద్దుటెండలో చూడు, ఆకుపచ్చగా మెరుస్తుంది."

నిజమే. ఆ పచ్చ ఈకకి పట్టిన రంగు కాదు. ఈకలోని సన్నని పొరల మీద పడిన వెలుగు తిరిగొస్తూ చూపించే మెరుపు. అందుకే పుంజు కాస్త తిరిగితే మాయమవుతుంది. నెమలి ఈకకీ ఇంతే.

ఈసారి ముందు తోకంతా విరిడియన్ పచ్చ పల్చగా వేశాను. దాని మీద అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా కలిపిన ముదురు రంగు. మధ్యలో పచ్చ గీతల్ని అలాగే వదిలేయాలి. కానీ కింది పొర ఆరిందనుకుని తొందరపడ్డాను. అంచులు విచ్చుకుని కాలీఫ్లవర్ లాంటి మరక పడింది. చాలా బాధేసింది. అప్పటినుంచి చెయ్యి వెనకవైపు కాగితానికి ఆనించి చూస్తున్నాను. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పైన మెరుపు పోయాకే హెయిర్ డ్రయ్యర్, అదీ దూరం నుంచి. ముందే పెడితే గాలికి రంగు పక్కకి జరుగుతుంది.

జుట్టు ఎరుపు ఒక్క పూటలో అయిపోయింది. కంట్లో వెలుగు చుక్క కోసం ఆవగింజంత కాగితం తెల్లగా వదిలాను.

అయిదో కాగితం మీద తోక కుదిరింది. నాన్న చాలాసేపు చూసి, "కాలి వెనక ముల్లు మర్చిపోయావు" అన్నారు. అదీ వేశాను.

ఇప్పుడు తెల్ల పెట్ట. తెలుపు వేయడం ఉండదు, నీడలు వేసి కాగితాన్నే తెలుపుగా మిగల్చాలి. అందుకే సాయంత్రం నీడ పొడుగ్గా పడేటప్పుడు ఫొటో తీయమన్నాను.

"పెట్ట ఊరికే నిలబడదమ్మా, నూకలు చల్లి తీస్తాలే" అన్నారు నాన్న.