కుండీ కింద దొరికిన దొంగ

హాల్లో సీలింగ్ మీద తడి మరక కనిపించిన రోజు నుంచి ఒకటే టెన్షన్. చుక్క పడే చోటికి సరిగ్గా పైన, డాబా మీద ఎంత వెతికినా పగులే లేదు. స్లాబ్‌లోకి దిగిన నీళ్లు దారి దొరికిన వైపు పాకి ఇంకెక్కడో కారతాయని మేస్త్రి చెప్పాడు. అసలు పగులు ఆరడుగుల అవతల, నా టమాటా కుండీ కింద ఉంది! కుండీ జరిపితే, అడుగు రంధ్రంలోంచి వేర్లు బయటికొచ్చి వెంట్రుకంత సందులోకి దూరి కూర్చున్నాయి. చుట్టూ నాచు. రోజూ రెండు పూటలా నీళ్లు పోసింది నేనే కదా, ఎవరిని అనాలి?

పగులు కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పూడ్చి, పైన వాటర్‌ప్రూఫింగ్ రెండు కోటింగులు వేశారు. ఆరాక గట్టు కట్టి 24 గంటలు నీళ్లు నిలబెట్టాం. ఆ రాత్రంతా సీలింగ్ వైపే చూస్తూ పడుకున్నాను. చుక్క రాలేదు.

ఇప్పుడు కుండీలన్నీ ఇటుకల మీదికెక్కాయి, కింద గాలి ఆడుతోంది. వేర్లు తెగిన టమాటా మొక్క నాలుగు రోజులు తల వాల్చేసింది గానీ, ఈ పొద్దున చూస్తే మళ్లీ పూత. మా ఆయన మాత్రం దాన్ని 'ముద్దాయి' అనే పిలుస్తున్నారు.