ఆకలి అనుకున్నాను, అజీర్ణమని తేలింది

పొద్దున తాళం తిప్పితే అర సెకనులో అందుకునే బండి నాది. ముప్పై ఏళ్లు దాటిన కారు. నాలుగు సిలిండర్లు, వాటికి పెట్రోల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు, స్కానర్ తగిలించుకోవడానికి సరైన సాకెట్ కూడా లేని కాలం నాటి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్. దాంతో నాకెప్పుడూ పేచీ రాలేదు. ఒక వేసవిలో మాత్రం కొత్త జబ్బు పట్టుకుంది.

గంటసేపు నడిపి ఆపుతాను. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పది పన్నెండు సెకన్లు కొడితే దగ్గి, వణికి, ఒక సిలిండర్ మిస్సింగ్‌తో ఎలాగో లేస్తుంది. రెండు నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు మామూలుగా నడుస్తుంది. ఆపిన వెంటనే తిప్పితే ఇబ్బంది లేదు. నాలుగు గంటలు ఆగి తిప్పినా లేదు. గొడవంతా మధ్యలో ఆ పావుగంట నుంచి గంటన్నర వరకే. చూపిద్దామని ఎవరి దగ్గరికైనా తీసుకెళ్తే, వాళ్లు చేతిలో పని ముగించుకుని వచ్చేసరికి బండి చల్లబడి బుద్ధిమంతుడిలా స్టార్టయ్యేది. నా మాట నమ్మినవాళ్లు తక్కువ.

నాకు తెలిసిన కాస్త సిద్ధాంతమే నన్ను ముంచింది. ఇంజన్ ఆపగానే బానెట్ కింద చల్లబడుతుందని అనుకుంటాం గానీ, మొదటి అరగంట జరిగేది దానికి తిరగబడి. వాటర్ పంపు ఆగిపోతుంది, ఎదురుగాలి ఉండదు, ఇనుములో ఉన్న వేడంతా పైకి లేచి సిలిండర్ల పైనుండే హెడ్‌నీ, వాటికి గాలి అందించే మానిఫోల్డ్‌నీ, దాని పక్కనే పడుకుని ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం ఫ్యూయల్ రెయిల్‌నీ కాల్చేస్తుంది. నిప్పున్న కుంపటి మీద మూత బోర్లించినట్టన్నమాట. పెట్రోల్‌లో తేలికపాటి భాగాలు మామూలు గాలి ఒత్తిడిలో 35–40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. రెయిల్‌లో 3 బార్ ఒత్తిడి (ఒక బార్ అంటే సుమారుగా మామూలు గాలి ఒత్తిడి) ఉన్నంతసేపూ మరగవు. ఒత్తిడి పోయిందంటే రెయిల్ నిండా ఆవిరే. ఇంజెక్టర్ తెరుచుకున్నా పెట్రోల్ బదులు బుడగలు వస్తాయి.

ఇంజన్ ఆగాక ఆ ఒత్తిడిని పట్టి ఉంచే తలుపులు మూడు. పంపు లోపల పెట్రోల్‌ని వెనక్కి పోనివ్వని వాల్వ్, రెయిల్ చివర ఒత్తిడిని అదుపులో ఉంచి మిగిలిన పెట్రోల్‌ని రిటర్న్ గొట్టంలో ట్యాంకుకి పంపే ప్రెషర్ రెగ్యులేటర్, నాలుగు ఇంజెక్టర్ల ముక్కులు. ఏ ఒక్కటి సరిగా మూసుకోకపోయినా ఒత్తిడి జారిపోతుంది. పాత పంపుల్లో వాల్వ్ పోవడం మామూలే కదా అని, ఏమీ కొలవకుండా, నేరుగా పంపు మార్చేశాను. ట్యాంకులోంచి తీసి మళ్లీ బిగించడానికి ఒక ఆదివారం పోయింది. మరుసటి వారం ఎండలో మళ్లీ అదే దగ్గు.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ తప్పుడు లెక్క చెబితే ఈసీయూ వేడి ఇంజన్‌ని చల్లటిదనుకుని ఎక్కువ పెట్రోల్ పోస్తుందని చదివి, సెన్సార్ మార్చాను. మార్చిన నెల తర్వాత తెలిసింది, నేను మార్చింది డ్యాష్‌బోర్డులో ముల్లుని కదిలించే ఒంటి వైరు సెండర్ అని. ఈసీయూకి కబురు చెప్పేది దాని పక్కనే ఉన్న రెండు వైర్ల సెన్సార్. చాలా పాత బండ్లలో ఈ రెండూ ఒకే హౌసింగ్ మీద పక్కపక్కనే ఉంటాయి. మీరు మార్చేముందు వైర్లు లెక్కపెట్టుకోండి.

అప్పుడు ఇలాంటి ఇంజన్లతోనే వయసు గడిపిన ఒక పెద్దాయనకి ఫోన్ చేశాను. నేను పంపు గురించీ ఆవిరి గురించీ ఉపన్యాసం ఇస్తుంటే మధ్యలో ఆపి, "బాబూ, దానికి ఆకలా, అజీర్ణమా? అది తేల్చావా ముందు?" అన్నారు.

తేల్చలేదు. ఆకలంటే పెట్రోల్ అందకపోవడం, అజీర్ణమంటే ఎక్కువైపోవడం. ఆకలే అని మొదటి రోజే తీర్మానించుకున్నాను.

ఆయన చెప్పిన పరీక్షకి పనిముట్లు అక్కర్లేదు. బండి మొండికేసే సమయం చూసుకుని ఒకసారి, తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా ఆన్‌లో పెట్టి, పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగాక ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయాలి. అలా మూడుసార్లు చేసి, అప్పుడు స్టార్ట్ చేయాలి. రెయిల్‌లో ఆవిరే గొడవైతే ఈలోగా పంపు దాన్ని తోసేస్తుంది, ఇంజన్ వెంటనే అందుకుంటుంది. ఇంకోసారి, తాళంతో ఆటలేమీ లేకుండా, యాక్సిలరేటర్ నేలకి తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టాలి. గాలి దండిగా లోపలికి పోతుంది. చాలా ఈసీయూలు ఆ స్థితిలో ఇంజెక్టర్లని ఆపేస్తాయి కూడా. పెట్రోల్ ఓవర్ అయిన ఇంజన్ అప్పుడు తేరుకుంటుంది. ఈ రెండూ ఒకే రోజు కలిపి చేయొద్దని మరీ మరీ చెప్పారు. కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి రోజు తాళం మూడుసార్లు ఆన్ చేశాను. నయం కాకపోగా ఇంకా మొండికేసింది. ఇరవై సెకన్లు కొట్టినా లేవలేదు. రెండో రోజు పెడల్ తొక్కిపెట్టి కొట్టాను. నాలుగు సెకన్లలో భళ్లుమని లేచింది, వెనక సైలెన్సర్‌లోంచి నల్లపొగ. మూడు నెలలుగా నేను ఆకలని మందు వేస్తున్నది అజీర్ణానికి. నల్లపొగా పెట్రోల్ వాసనా అంతకుముందు కూడా ఉండేవి. పాత బండి కదా అని పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక పక్కమాట. ఇదే కథ చెప్పిన నా స్నేహితుడి బండికి ఈ రెండు పరీక్షలూ పనిచేయలేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వాడి ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదనుంచి కదలనే లేదు. స్పార్కూ లేదు, ఇంజెక్టర్‌కి తెరుచుకోమనే కరెంటు పల్సూ లేదు. అది క్రాంక్ సెన్సార్ జబ్బు, ఇంజన్ తిరుగుతోందని ఈసీయూకి చెప్పేది అదే. వేడికి లోపలి తీగచుట్ట తెగుతుంది, చల్లబడితే అతుక్కుంటుంది. అలాంటప్పుడు సెన్సార్ మీద చల్లటి నీళ్ల గుడ్డ వేసి చూస్తే తెలిసిపోతుంది. సెల్ఫే నీరసంగా తిరిగితే అది ఇంకో జబ్బు, బ్యాటరీ కేబుళ్లనీ స్టార్టర్‌నీ చూసుకోవాలి. నా బండిలో సెల్ఫ్ చురుగ్గానే తిరిగేది, ముల్లు కదిలేది, స్పార్క్ టెస్టర్ పెడితే నిప్పు నీలంగా పడేది. కాబట్టి అటువైపు వెళ్లలేదు.

ఎక్కువ పెట్రోల్ ఎక్కణ్నుంచి? ఈసారి కొలిచాను. అసలు సెన్సార్ కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెడితే పొద్దున చల్లని ఇంజన్ మీద 2,400 ఓమ్‌లు, వేడి మీద 310. ఇలాంటి సెన్సార్లు 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేలకి అటూ ఇటూ, 80 దగ్గర మూడొందల చిల్లర చూపాలి. వేడి పెరిగేకొద్దీ ఓమ్‌లు తగ్గాలి. ఈసీయూ వైపు కనెక్టర్ దగ్గర కొలిచినా అదే అంకె వచ్చింది, అంటే దారిలో వైరు కూడా బాగుంది. సెన్సార్ నిర్దోషి. రెగ్యులేటర్‌ని మానిఫోల్డ్‌కి కలిపే వాక్యూమ్ గొట్టం పీకి చూశాను. లోపలి డయాఫ్రం చిరిగి ఉంటే ఆ గొట్టంలో పెట్రోల్ తడి కనబడాలి. ఎండిపోయి ఉంది.

మొండికేసిన ఒక మధ్యాహ్నం, స్టార్ట్ చేయకుండా, చేతులు కాల్చుకుంటూ ప్లగ్గులు విప్పాను. మూడు పొడిగా, గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు మాత్రం నల్లగా, తడిసి, పెట్రోల్ కంపు. ఇదే పని మొదటి నెలలో చేసి ఉంటే పంపు జోలికి వెళ్లేవాణ్నే కాదు.

అప్పుడు ప్రెషర్ గేజ్ సంపాదించాను. పెట్రోల్ లైన్ విప్పేటప్పుడు ఒత్తిడి ముందే దింపేయాలి, ఇంజన్ చల్లగా ఉండాలి, మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి. ఇది మాటవరసకి చెబుతున్నది కాదు. వేడి మానిఫోల్డ్ మీద పడిన పెట్రోల్ రెండో అవకాశం ఇవ్వదు. గేజ్ తగిలించాక బండి నడిపితే, యాక్సిలరేటర్ తొక్కని ఐడిల్‌లో 2.5 బార్, వాక్యూమ్ గొట్టం తీస్తే 3. రెండూ సరైన అంకెలే. ఆపాను. ముల్లు నా కళ్లముందే జారింది. ఐదు నిమిషాల్లో 1 దగ్గరికి, పదిహేనో నిమిషానికి సున్నాకి.

తలుపులు మూడన్నాను కదా. మెత్తటి దవడల క్లాంపుతో, ఇంజన్ ఆపిన మరుక్షణం రిటర్న్ గొట్టం నొక్కిపెట్టాను. అయినా జారింది, కాబట్టి రెగ్యులేటర్ కాదు. మరోసారి పంపు నుంచి వచ్చే గొట్టం నొక్కాను. జారింది. పంపు వాల్వూ కాదు, నేను అనవసరంగా మార్చిన పంపు అంతకుముందూ బాగానే ఉందేమో. రెండూ కలిపి నొక్కినా జారింది. ఇక ఆ పెట్రోల్‌కి పోయే దారి ఇంజెక్టర్లే. ఈ క్లాంపు పని మెత్తటి రబ్బరు గొట్టాల మీదే చేయాలి. ఎండి బీటలిచ్చినవాటినీ ప్లాస్టిక్ వాటినీ నొక్కితే అక్కడే విరుగుతాయి.

మర్నాడు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ పీకేసి, ఇంజెక్టర్లు ఊడిపడకుండా రెయిల్‌కి తీగతో కట్టి, మొత్తం రెయిల్‌ని పైకెత్తాను. కింద నాలుగు చిన్న గాజు సీసాలు పెట్టి పంపు ఆడించాను. మూడు ముక్కులు పొడిగా ఉన్నాయి. మూడో ఇంజెక్టర్ ముక్కున ఒక చుక్క ఊరి, ఉబ్బి, పడింది. ఏడెనిమిది సెకన్లకి ఇంకోటి. మంచి ఇంజెక్టరైతే నిమిషానికి ఒకటి రెండు చుక్కలు కూడా మించకూడదు.

అన్నీ అప్పుడు అతికాయి. బండి ఆగాక రెయిల్‌లోని ఒత్తిడంతా ఆ ఒక్క ముక్కులోంచి మూడో సిలిండర్ దారిలోకి కారుతోంది. మానిఫోల్డ్ వేడికి ఆవిరై, లోపల మండలేనంత చిక్కగా నిండుతోంది. నేను తాళం మూడుసార్లు ఆన్ చేసినప్పుడు పంపు ఒత్తిడి పెంచి ఇంకా కార్పించింది, అందుకే పరిస్థితి ముదిరింది. ఆపిన వెంటనే తిప్పితే కారడానికి వ్యవధి లేదు. నాలుగు గంటలాగితే ఆ ఆవిరి పలచబడిపోతుంది, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్లోకి దిగిపోతుంది. పైగా చల్లటి ఇంజన్‌కి చిక్కటి మిశ్రమమే కావాలి, అందుకే పొద్దున్నే ఆ కులుకు.

ఆయిల్ మాట గుర్తొచ్చి డిప్‌స్టిక్ లాగి వాసన చూశాను. పెట్రోలే. మట్టం కూడా గీత పైకొచ్చింది. నెలల తరబడి పలచబడిన ఆయిల్‌తో నడిపానన్నమాట. స్టార్టింగ్ బాధకన్నా ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నాలుగు ఇంజెక్టర్లూ అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌కి ఇచ్చాను. మూడోది బెంచ్ మీద కూడా కారుతూనే ఉంది, సూది కూర్చునే చోటు అరిగిపోయినట్టుంది. అంతే ప్రవాహం ఉన్నది, పరీక్షించినది ఒకటి వేశాను. ఓ-రింగులనే రబ్బరు వలయాలన్నీ కొత్తవి, చిటికెడు ఆయిల్ రాసి బిగించాను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, ఆ ఒక్క ప్లగ్గు మార్చాను.

తర్వాత వచ్చిన మొదటి మండుటెండ రోజు గంటసేపు నడిపి ఆపి, గేజ్ చూస్తూ కూర్చున్నాను. ముల్లు దిగలేదు. పది నిమిషాలకి కాస్త పైకి కూడా పోయింది, వేడికి పెట్రోల్ వ్యాకోచించి. ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పాను. అర సెకను. మిగతా మూడు ఇంజెక్టర్లూ పాతవే, వాటి వంతు ఎప్పుడో తెలియదు, అందుకని గేజ్ డిక్కీలోనే ఉంచాను.