మంగళవార్త జపంలోని రెండో సగం

కతోలికులు జపమాల మీద పదే పదే పలికే మంగళవార్త జపంలో మొదటి సగం సువార్త నుంచి వచ్చినదే. ‘దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము’ అనేది గబ్రియేలు దూత పలుకు, ‘స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే’ అనేది ఆమె బంధువు ఎలిజబెతు పలుకు. రెండూ లూకా మొదటి అధ్యాయంలోనివే కనుక ప్రొటెస్టంట్లకు వాటితో పేచీ లేదు. రెండో సగంలో ‘సర్వేశ్వరుని మాతా’ అన్న పిలుపు కూడా అసలు తగవు కాదు. 431లో ఎఫెసులో జరిగిన క్రైస్తవ బిషప్పుల మహాసభ ఆ బిరుదును నిలబెట్టినది ఆమె గర్భంలోని శిశువు దేవుడేనని చెప్పడానికే, ప్రొటెస్టంట్ సంస్కరణకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ కూడా దానిని ఒప్పుకున్నాడు. చిక్కంతా ‘మా కొరకు ప్రార్థించండి’ అన్న విన్నపం దగ్గర వస్తుంది.

దేవునికీ నరులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని బైబిల్లోని 1 తిమోతి పత్రిక 2:5 చెబుతుండగా, పరలోకానికి వెళ్లినవారిని వేడుకోమని లేఖనం ఎక్కడా చెప్పలేదు కదా అని ప్రొటెస్టంట్లు అడుగుతారు. పక్కనున్న విశ్వాసిని ప్రార్థించమని అడగడం ఆ మధ్యవర్తిత్వానికి అడ్డు కానప్పుడు, క్రీస్తులో జీవిస్తున్న ఆయన తల్లిని అడగడం ఎలా అడ్డవుతుందని, మరణం ఆ బంధాన్ని తెంచదని కతోలికులు బదులిస్తారు. ఆరాధన దేవునికే, మరియమ్మకు గౌరవమే అన్న భేదం వారి బోధలో స్పష్టంగానే ఉంది; అయితే భక్తుల ఆచరణలో అది ఎప్పుడూ అంత స్పష్టంగా కనబడదన్న ప్రొటెస్టంట్ల ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చలేము. 1854, 1950 సంవత్సరాల్లో పోపులు ప్రకటించిన నిష్కళంక గర్భధారణ (మరియమ్మ జన్మపాపం అంటకుండా తల్లి గర్భంలో పడిందన్నది), మోక్షారోపణ (ఆమె శరీరంతో సహా పరలోకానికి చేర్చబడిందన్నది) సిద్ధాంతాల గొడవ వేరు; నా దృష్టిలో అది మరియమ్మ గురించి కంటే పోపు అధికారం గురించినది.

యోహాను సువార్తలో, ద్రాక్షారసం అయిపోయిన కానా ఊరి పెండ్లిలో యేసూ మరియమ్మా ఉన్న ఘట్టాన్ని ఇరుపక్షాలూ తమకు కావలసినంత మేరకే చదువుతాయి. ‘వారికి ద్రాక్షారసము లేదు’ అన్న తల్లి మాట కతోలికులకు చాలు, ‘నాతో నీకేమి పని’ అన్న కుమారుని మాట ప్రొటెస్టంట్లకు చాలు. ఆ వెంటనే ఆమె పరిచారకులతో, ఆయన చెప్పినది చేయండని అంటుంది. ఆ సువార్తలో ఆమె పలికిన చివరి మాట అదే.

అన్ని తరములవారును తనను ధన్యురాలని యందురని మరియమ్మ పాడిన గీతానికి లూథర్ రాసిన వ్యాఖ్యానం 1521లో, పోపు వెలివేతకు గురై జర్మనీలోని వార్ట్‌బుర్గ్ కోటలో తలదాచుకున్న రోజుల్లో, పూర్తయింది. మరియమ్మను చూసి దేవుని కృపను స్తుతించాలే గాని, ఆమెనే దేవతను చేయరాదని అందులో గట్టిగా హెచ్చరించాడు. తరువాతి కాలంలో పరిశుద్ధులను వేడుకోవడాన్ని పూర్తిగా నిరాకరించిన ఆ లూథరే, ఈ వ్యాఖ్యానాన్ని మాత్రం క్రీస్తు తన ప్రియమైన తల్లి మరియమ్మ విజ్ఞాపన ద్వారా మనకు దీనిని అనుగ్రహించుగాక అన్న ప్రార్థనతో ముగించాడు.