ఇసుకలో తిరిగే బండికి ఎంత నూనె?

షార్జా పారిశ్రామిక వాడలోని మా గ్యారేజీకి వచ్చేవి ఎక్కువగా డెలివరీ బైకులే. కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఈ దేశంలో ఎక్కడ చూసినా కనిపిస్తారు. మా వైపు వాళ్లు తక్కువ. పాలమూరు కూలీలది ముంబై, పుణె దారి. మా దేవరకొండ వాళ్లు హైదరాబాద్ దగ్గరే ఆగిపోతారు. అందుకే పాలమూరు వైపు అచ్చంపేట మాట చెవిన పడితే పానా పక్కన పెట్టి మరీ పలకరిస్తాను.

అలా పరిచయమైన ఒక అచ్చంపేట అబ్బాయి బండి చైను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. నల్లగా, జిగటగా, ఇసుక పేరుకుని ఉంటుంది.

"నిన్ననే చైను నూనె స్ప్రే సగం డబ్బా కొట్టాను అన్నా, అయినా కరకరమంటోంది" అంటాడు.

సగం డబ్బా కొట్టాడు కాబట్టే ఆ మోత. పైన మిగిలిన నూనె ఇసుకను పట్టుకుంటుంది. రెండూ కలిసిన ముద్ద, చైను తిరిగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్ పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. ఓ-రింగ్ చైనులో, అంటే లింకుల మధ్య రబ్బరు రింగులుండే చైనులో, పిన్నులకు కావలసిన గ్రీజు కంపెనీలోనే లోపల పెట్టి మూసేస్తారు. బయట మనం వేసేది ఆ రబ్బరు రింగులు ఎండిపోకుండా, రోలర్లు తుప్పు పట్టకుండా ఉండటానికే. దానికి పలచటి పొర చాలు.

బండి తిరిగి వచ్చాక, చైను వెచ్చగా ఉన్నప్పుడే ఆ పని చేయాలి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ పట్టుకుంటే వేళ్లు పోతాయి. కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో మురికి వదిలించి, ఆరబెట్టాలి. పెట్రోలు రింగులను పాడుచేస్తుంది. కింది వరుసకు లోపలి వైపు నుంచి స్ప్రే చేస్తే, చక్రం తిరిగేటప్పుడు నూనె బయటివైపు నెట్టుకుంటూ లింకుల్లోకి దిగుతుంది. టైరు మీద చుక్క కూడా పడకూడదు. కాసేపాగి పైన మిగిలింది తుడిచేయాలి. ఈ తుడవడం దగ్గరే అందరికీ ఓపిక చాలదు. ఆర్డరుకింత అని డబ్బులు వచ్చే వాడికి పొద్దున్నే అంత తీరిక ఎక్కడిది? రాత్రి డ్యూటీ దిగాక చేసుకోమంటాను.

ఊళ్లో తీరు వేరు. దేవరకొండలో మా తమ్ముడు వెళ్లే షాపులో ఇంజిన్ నుంచి దించిన పాత ఆయిలే చైనుకు పోస్తారు. అందులో మసి, ఇనుప రజను ఉంటాయని చెబితే, "ఇన్నేళ్లుగా నడవడం లేదా?" అని ఎదురు ప్రశ్న. నడిచాయి, నిజమే. మన వంద సీసీ బండ్లకు చాలావాటికి చైను చుట్టూ పూర్తి కవరు ఉంటుంది, దుమ్ము అంతగా చేరదు. కవరు లేని బండ్లకూ అదే పోస్తున్నారు, నా గొడవంతా దాని గురించే. స్ప్రేకు డబ్బులు లేకపోతే 90 నంబరు గేర్ ఆయిల్ కొద్దిగా వేసి తుడిచినా చాలు. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు నాట్ల బురదలో తిరిగే బండికైతే ఇన్ని కిలోమీటర్లకోసారి నూనె అన్న లెక్క చూడనక్కరలేదు. కడిగిన ప్రతిసారీ ఆరబెట్టి మళ్లీ వేయాల్సిందే.

దుబాయి డబ్బా ఒకటి తెమ్మని తమ్ముడు ఫోనులో ఒకటే పోరు. మంటంటుకునే స్ప్రే డబ్బాలను విమానం ఎక్కనివ్వరని చెప్పినా నమ్మడు, పిసినారితనం అనుకుంటాడు.