కాయితం మాకియ్యి మేడం, మేమే సదువుకుంటం

ముందే ఒక మాట చెప్పేస్తా. చిన్నప్పటి నుంచి మైకు చూస్తే పారిపోయేదాన్ని, చివరికి ధైర్యం తెచ్చుకున్నా, ఆ టైపు కథ కాదు నాది. బడిలో వక్తృత్వ పోటీ అంటే మా సార్లు నా పేరే ముందు రాసుకునేవాళ్లు. పంద్రాగస్టుకి, జనవరి 26కి "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టానంటే ఐదు నిమిషాలు ఎక్కడా ఆగకుండా చెప్పేసి, ఓ సబ్బు డబ్బానో స్టీలు గ్లాసో పట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. ఆ గ్లాసులు రెండు ఇప్పటికీ మా అమ్మ వంటింట్లో ఉన్నాయి. అందుకే 2017లో నల్లగొండ జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా, అదే ఏఈఓ అంటారు కదా, చేరినప్పుడు మిగతా అన్నిటి గురించీ భయపడ్డాను కానీ మాట్లాడటం గురించి బెంగే లేదు.

ఆ ఏడు పత్తిలో గులాబీ రంగు పురుగు గట్టిగా వచ్చింది. బీటీ విత్తనం వేస్తే కాయతొలుచు పురుగు రాదని నమ్మిన రైతులకి, ఈ పురుగు దానికి తట్టుకోవడం నేర్చిందని చెప్పాలి. నాకిచ్చిన పని అది. నాలుగు పేజీల కరపత్రం రాత్రంతా బట్టీ పట్టాను. పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద నలభై మంది దాకా కూర్చున్నారు. నమస్కారం పెట్టి మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కూడా కాలేదు, మధ్య వరసలోంచి ఒకాయన లేచి, "మేడం, మా చేన్ల పూత రాలుతాంది, అది గూడ పురుగేనా?" అన్నాడు.

బడిలో ఎవరూ మధ్యలో లేచి ప్రశ్న అడగరు. నా తలలో వరసగా పేర్చుకున్న వాక్యాలన్నీ ఒక్కసారిగా కలిసిపోయాయి. ఆయనకేదో గొణిగాను, మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియలేదు, హ్యాండ్‌బ్యాగులోంచి కరపత్రం తీసి చదవడం మొదలుపెట్టాను. గొంతు సన్నగా నాది కానట్టు వినిపిస్తోంది. కాస్త దగ్గరికి వెళ్దామని స్పీకరు బాక్సు ముందుకి నడిచేసరికి మైకు కీచుమని అరిచింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. అప్పుడు ముందు వరసలో తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన, కోపంగా కాదు, నిజంగా సాయం చేద్దామన్నట్టు, చెయ్యి చాపి అన్నాడు: "కాయితం మాకియ్యి మేడం, మేమే సదువుకుంటం."

ఇచ్చేశాను. ఇంకేం చేస్తాను? ఊరి బయటికొచ్చాక స్కూటీ ఆపి కాసేపు ఏడ్చాను.

తర్వాత ఆరు నెలలు అందరూ చెప్పే చిట్కాలన్నీ చేశాను. అద్దం ముందు నిలబడి మాట్లాడటం మహా దండగ, నా మటుకు నాకు. అద్దంలో నాకు నేనే కనిపిస్తాను, నా జుట్టు కనిపిస్తుంది, బొట్టు పక్కకి జరిగిందేమో అనిపిస్తుంది. అసలే నా మీద నాకు ధ్యాస ఎక్కువై చస్తుంటే మళ్లీ అద్దం కూడానా. ఎదుటివాళ్లని క్యాబేజీలు అనుకోమని ఒకరు చెప్పారు. క్యాబేజీలు ప్రశ్నలు అడగవు కదండీ.

పనికొచ్చిన మొదటి వస్తువు ఫోన్‌లో రికార్డరు. ఒక మీటింగులో ఫోన్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టి, రాత్రి అన్నం తిన్నాక విన్నాను. మొదటి మూడు నిమిషాలకే ఆపేయాలనిపించింది. పదకొండు నిమిషాల ప్రసంగంలో 31 సార్లు "అన్నమాట" అన్నాను. పురుగు గుడ్డు పెడుతుందన్నమాట, గుడ్డు పొదుగుతుందన్నమాట, మనం జాగ్రత్తగా ఉండాలన్నమాట. ఇంకో సంగతేంటంటే, ప్రతి వాక్యం చివర నా గొంతు కిందికి జారిపోతోంది. తెలుగులో క్రియ చివరన వస్తుంది, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. "కొట్టాలి" అన్నానో "కొట్టొద్దు" అన్నానో నాకే వినపడలేదు. వెనక వరస వాళ్లకి ఏం అర్థమై ఉంటుంది? మందు కొట్టొద్దని నేను చెప్పిన రోజు ఎంతమంది వెళ్లి కొట్టారో దేవుడికే తెలియాలి.

మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడు టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి, అదే నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీసు చేసే క్లబ్బుకి, వెళ్తాడు. "అక్కా, ఒక్కసారి గెస్టుగా రా, ఊరికే చూడు" అని ప్రాణం తీశాడు. 1924లో అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా అనే ఊళ్లో, రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన ఒక వైఎంసీఏ నేలమాళిగలో మొదలుపెట్టాడట. వంద పేజీల సిద్ధాంతం చెప్తారేమో అనుకుని వెళ్లాను. అక్కడ సిద్ధాంతమేం లేదు. ఒకరు మాట్లాడతారు, ఒకరు టైము చూస్తారు, ఒకరు "ఆ", "ఊ" లు లెక్కపెడతారు, ఇంకొకరు రెండు మూడు నిమిషాల్లో ఏది బాగుందో ఏది మార్చుకోవాలో చెప్తారు. అంతే. వాళ్ల మొదటి ప్రసంగం నాలుగు నుంచి ఆరు నిమిషాలు, తన గురించి తాను చెప్పుకోవాలి. నాలుగో నిమిషానికి ఆకుపచ్చ కార్డు, ఐదుకి పసుపు, ఆరుకి ఎరుపు. అప్పటికప్పుడు టాపిక్ ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించేది ఇంకోటి ఉంది, టేబుల్ టాపిక్స్ అంటారు. గెస్టులని అడిగితే నేను తల అడ్డంగా ఊపాను, తమ్ముడు వెనక నుంచి తోశాడు.

నాకొచ్చిన టాపిక్ "మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు". తెలుగులో చెప్పొచ్చా అంటే చెప్పమన్నారు. ఆ స్టీలు గ్లాసుల గురించి చెప్పాను. ఒక నిమిషం దాటిందో లేదో ఆకుపచ్చ కార్డు లేచింది, నాకైతే పావుగంట అయినట్టుంది. అయ్యాక ఒకావిడ దగ్గరికొచ్చి, "బాగా చెప్పారు, కానీ అంతసేపూ పైన ఫ్యాను వైపే చూశారు" అంది. పదేళ్లు బహుమతులు తెచ్చుకున్నా కానీ, ఈ ముక్క నాకు ఒక్కరూ చెప్పలేదు. బడిలో మేము చూసింది ఫ్యానునే. బట్టీ పట్టినది గుర్తుకు రావాలంటే కళ్లు పైకే పోతాయి.

మా మండలంలో క్లబ్బూ లేదు, ఏసీ హాలూ లేదు. పక్క క్లస్టరు ఏఈఓ, నా బ్యాచ్ పిల్లే, దాన్ని పట్టుకున్నాను. నా మీటింగుకి అది, దాని మీటింగుకి నేను వెళ్లి వెనకాల కూర్చునేవాళ్లం. నేను "అన్నమాట" అన్నప్పుడల్లా అది కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి ఒక చింతగింజ వేసుకోవాలి. మీటింగయ్యాక ఎడమ గుప్పిట తెరిచి చూపించేది. మొదటిసారి గుప్పిట మూతపడలేదు. దానికేమో "ఓకేనా" జబ్బు, ప్రతి వాక్యానికీ ఓకేనా. గింజలు నాకంటే దానికే ఎక్కువ పడేవి, ఈ విషయం నేను ఇక్కడ రాశానని తెలిస్తే చంపేస్తుంది.

ఇలా ఊతపదాలు తగ్గాయి, గొంతు చివరిదాకా నిలబడింది, కళ్లు కిందికి దిగాయి. అయినా రైతులు మధ్యలో లేచి బీడీ ముట్టించుకోవడానికి పోవడం తగ్గలేదు. ఏదో ఇంకా తప్పుంది.

అది తెలిసింది కొమురవెల్లి మల్లన్న జాతరలో. మొక్కు ఉంటే వెళ్లాం. ఒగ్గు కథ చెప్తున్నారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ ఆ రోజు కథ వినకుండా కథకుణ్ణి చూశాను. ఆయన ఒక ముక్క చెప్తాడు, పక్కన వంతపాడేవాడు అందుకుంటాడు, "ఆహా, తర్వాత ఏమైంది?" అన్నట్టు ఎగదోస్తాడు, డోలు పడుతుంది, మళ్లీ ఇంకో ముక్క. కథకుడు ఎక్కడా గబగబా పోడు. వెనకాల తోసేవాడు ఉన్నాడు కాబట్టి ఆగడానికి భయపడడు. జనం కూడా ఊ కొడుతూనే ఉన్నారు. నేను చేస్తున్నదేంటి? ఎవరైనా మధ్యలో మాట్లాడితే నా ప్రసంగం పాడవుతుందని భయపడుతున్నా. నాకు కావాల్సిన వంత వాళ్లలోనే ఉంది, నేనే నోరు మూయిస్తున్నా.

అప్పటి నుంచి కరపత్రం చేతిలో పట్టుకోవడం మానేశాను. దాని బదులు టిఫిన్ బాక్సు.

మీటింగుకి వెళ్లేముందు ఆ ఊరి చేలోనే దిగి ఇరవై పచ్చి పత్తి కాయలు కోసి ఆ బాక్సులో వేసుకుంటాను, ఎంచకుండా, అక్కడోటి ఇక్కడోటి. బయటికి చూస్తే అన్నీ నున్నగా, గట్టిగా, ఒక్క రంధ్రం కూడా కనిపించకుండా ఉంటాయి. మీటింగులో నమస్కారం అయ్యాక మొదటి మాటే, "ఈ కాయలు మీ ఊరివే. ఎట్లున్నాయి?" "మంచిగున్నయ్ మేడం." బ్లేడు ఒకాయన చేతికిస్తాను. ఆయనే కోస్తాడు. మొదటి కాయ బాగుంటుంది. రెండోదీ బాగుంటుంది, నా మొహం చూస్తారు, ఏం మేడం ఆట పట్టిస్తున్నవా అన్నట్టు. నాలుగో దాంట్లోనో ఐదో దాంట్లోనో రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఆ జంట గింజని గోటితో విడదీస్తే లోపల సన్నగా, లేత గులాబీ చారలతో కదులుతుంటుంది. పక్కన దూది పసుపు తిరిగి ఉంటుంది. ఆ క్షణం బీడీలు ఆరిపోతాయి. వెనకాల వాళ్లు లేచి ముందుకొస్తారు. నేనేం మాట్లాడను. మాట్లాడకుండా ఉండటం నాకు అన్నిటికంటే కష్టమైన పని, పది సెకన్లు పదేళ్లలా ఉంటాయి, కానీ అక్కడ నోరు తెరిచానా మొత్తం చెడగొట్టినట్టే. ఎవరో ఒకరు అడుగుతారు, "మరి బయటికి కనపడదు గదా, ఎట్ల తెలుస్తది?" అదే నేను చెప్పాల్సింది. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు, మగ పురుగుల్ని వాసనతో లాగే లింగాకర్షక బుట్టలో వరసగా మూడు రాత్రులు రోజుకి 8 చొప్పున పడే రెక్కల పురుగులు, ఇరవై కాయలు కోస్తే రెండింట్లో పురుగు. ఈ మూడే. నాలుగు పేజీల కరపత్రంలోంచి మూడు గుర్తులే చెప్తాను. మిగతాది వాళ్లే అడుగుతారు, అడగకపోతే ఆ రోజుకి అక్కర్లేదని.

ఇంక చిన్నా చితకా. మీటింగుకి అరగంట ముందే వెళ్తాను. ముందొచ్చి కూర్చున్న నలుగురితో పిల్లల చదువులో, బోరులో నీళ్లో మాట్లాడతాను. తర్వాత మైకు పట్టుకున్నప్పుడు ఆ నలుగురి కళ్లలోకే చూస్తాను, వాళ్లతో ముచ్చట ముందే మొదలైంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టినట్టుండదు. మైకుతో ఎప్పుడూ స్పీకరు బాక్సుకి వెనకే నిలబడతాను. ముందుకెళ్తే దాని చప్పుడే మళ్లీ మైకులోకి పోయి కీచుమంటుంది, ఈ ముక్క మైక్‌సెట్టు కుర్రాడు చెప్పాడు, అదీ మూడేళ్లయ్యాక. గడ్డానికి పిడికిలంత దూరంలో పట్టుకుంటే చాలు. గుండె దడ ఉంటే ఊపిరి పీల్చడం కంటే వదలడం మెల్లగా, ఎక్కువసేపు వదిలితే కాస్త సర్దుకుంటుంది. ముందు టీ తాగితే నాకైతే గొంతు ఇంకా ఎండిపోతుంది, అందుకని మర్యాదకి గ్లాసు పట్టుకుని కూర్చుంటాను, అంతే.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనే అంటాను. మొదట్లో పరువు పోతుందని ఏదో ఒకటి అల్లేదాన్ని, రైతు దగ్గర అది ఒక్క పూట కూడా దాగదు. "రేపు సైంటిస్టు సారుని అడిగి ఫోన్ చేస్తా" అని నంబరు రాసుకుంటాను. ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకూడదు, ఒకసారి మర్చిపోయి తర్వాతి మీటింగులో అందరి ముందు తిట్లు తిన్నాను.

యూరియా గొడవ ఉన్న రోజుల్లో ఏ మీటింగైనా "ముందు యూరియా సంగతి చెప్పు" తోనే మొదలవుతుంది. పాత నేనైతే "అది తర్వాత మాట్లాడుకుందాం" అని పురుగు దగ్గరికి లాక్కొచ్చేదాన్ని. లైన్లో పొద్దున్నుంచి నిలబడి వచ్చినవాడికి పురుగు ఎక్కుతుందా? ఇప్పుడు మైకు కింద పెట్టి, ముందు వాళ్ల కోపం వింటాను, నా చేతిలో ఉన్నదెంతో లేనిదెంతో చెప్తాను. పావుగంట పోతుంది. పోనీ. మిగిలిన పావుగంటే నాది.

ఇదంతా చదివి నాకేదో భయం పోయిందనుకోకండి. పోయిన సీజన్‌లో రైతువేదికలో పెద్ద మీటింగు, పైనుంచి సార్లు వచ్చారు, వీడియో తీస్తున్నారు. బుట్టల గురించి చెప్తూ చెప్తూ మధ్యలో మొత్తం ఖాళీ అయిపోయింది, ఒక్క ముక్క గుర్తు లేదు. చేతులు చల్లబడ్డాయి. ఒకప్పుడైతే కరపత్రం వెతుక్కునేదాన్ని. ఈసారి నవ్వొచ్చింది. "మర్చిపోయిన. ఎక్కడిదాకా చెప్పిన?" అని అడిగేశాను. హాలంతా నవ్వింది. ముందు వరసలోంచి అదే తలపాగా పెద్దాయన, "బుట్టల కాడ ఉన్నవ్ బిడ్డా, ఎనిమిది పురుగుల కాడ" అని అందించాడు. వంత దొరికింది. అందుకున్నాను.

బయటికొచ్చాక నా ఫ్రెండు గుప్పిట తెరిచింది. నాలుగు గింజలు. అందులో రెండు "అన్నమాట"లు నేను అనలేదు, పైనుంచి వచ్చినవాళ్లలో మధ్యలో లేచి మాట్లాడిన ఒక సారు అన్నవి, అవి నా లెక్కలో ఎలా వేస్తావని ఇప్పటికీ గొడవ నడుస్తోంది.